ఓర్వకల్లు దగ్గర అద్దె పోర్షన్లు: సంసారంతో వచ్చేవాళ్లకు

ఓర్వకల్లు పారిశ్రామికవాడలో పనికి చేరినవాళ్లు చాలామంది కర్నూలులోనే ఉండి షిఫ్ట్ బస్సు పట్టుకుంటారు. నంద్యాల రోడ్డు మీద సుమారు పాతిక కిలోమీటర్లే కదా. నేను మాత్రం పెళ్లాంబిడ్డలతో ఇక్కడే ఉందామని, ఊరికి ఆనుకుని ఒక రైతు వరసగా కట్టిన పోర్షన్లలో దిగాను.

రేకులు కావు, స్లాబే. ఒక గది, వంటగది, ఎవరి బాత్రూం వాళ్లకే. కరెంటుకు విడిగా సబ్‌మీటరు ఉంది, రీడింగ్ మన ముందే రాసుకుంటారు. బోరు నీళ్లు మాత్రం ఉప్పన, పప్పు ఉడకదు. తాగడానికీ వంటకూ క్యాన్ కొనాల్సిందే. ఎండాకాలంలో బోరు సన్నగిల్లితే ఓనరే ట్యాంకరు తెప్పించి సంపు నింపుతాడు. ఆ డబ్బులు మన మీద వేయడు.

బాగా నచ్చింది అద్దె పద్ధతి. నలుగురు కుర్రాళ్లు కలిసి దిగితే ఓనరుకు ఎక్కువే వస్తుంది. అయినా సంసారాలకు తక్కువకే ఇస్తారు. ఎందుకమ్మా అని అడిగితే ఓనరు భార్య, "పండక్కి పోయినోళ్లు మళ్లా వస్తారో రారో నాయనా. పిల్లను బళ్లో ఏసినోళ్లయితే నిలబడతారు" అంది.

ఇక్కడ నిలబడటమే కష్టం. 2024 ఆగస్టులో కేంద్రం ఓర్వకల్లు పారిశ్రామిక నగరానికి ఆమోదం తెలిపింది. 2,621 ఎకరాలు, 2,786 కోట్ల రూపాయలు, 45 వేల ఉద్యోగాలు అని అంచనా. ప్రస్తుతానికి మా వరసలో అందరిదీ కంట్రాక్టరు కింద పనే. పక్క పోర్షన్ వెల్డరుకు జీతం ఆగితే, వచ్చినప్పుడే అద్దె ఇవ్వమన్నాడు ఓనరు. ఇక్కడికి దగ్గర్లోని గని-శకునాల సోలార్ పార్కు 1,000 మెగావాట్లది. కట్టేటప్పుడు చేతినిండా పని, ప్యానెళ్లు బిగించాక వాటిని కడగడానికీ కాపలాకూ కొద్దిమంది చాలు. ఇదే జిల్లాలో కోసిగి వైపు జనం మిరపకోతలకు గుంటూరు దాకా పోతున్నారు. బయటి రాష్ట్రాలవాళ్లు ఇటు వస్తుంటే మనవాళ్లు మూటాముల్లె సర్దుకుని అటు పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పిల్లలకు ఫిట్టరో ఎలక్ట్రీషియనో నేర్పించి ఇక్కడే పెట్టుకోవాలి.

ఆడవాళ్లకు పత్తి తీసే కూలి తప్ప వేరే పని కనబడలేదు. నా భార్యకు కుట్టుపని వచ్చు, మిషను పెట్టుకుంది, ఇక్కడివాళ్లు జాకెట్లు తెచ్చిస్తున్నారు. పొదుపు సంఘాలకు పేరుపడిన మండలం ఇది, కొత్తగా వచ్చిన ఆడవాళ్లనూ కలుపుకుంటే ఇంకా కొన్ని సంసారాలు దిగుతాయి.

సంపు మూత వదులుగా ఉంది. చిన్నపిల్లలున్నవాళ్లు ఇనుప మూత వేయించాకే దిగండి. అడ్వాన్స్ రెండు నెలలది, కాగితం రాయించుకోండి. ఈ పోర్షన్లకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నా. చూడటానికి సాయంత్రం షిఫ్ట్ వదిలాక రండి. అందరూ ఒకేసారి కొళాయి తిప్పుతారు కాబట్టి చివరి పోర్షన్‌కు నీళ్లు ఎంత వస్తాయో అప్పుడే తెలుస్తుంది.