పాత సుబారు కొనేవారికి హెచ్చరిక: టైమింగ్ బెల్టు మార్చినట్టు కాగితం చూపిస్తేనే బయానా ఇవ్వండి

కొలరాడోలోనూ మంచు ఎక్కువగా కురిసే ఇతర రాష్ట్రాల్లోనూ ఉంటూ పాత సుబారు కారు కోసం వెతుకుతున్న తెలుగువారికి చేరాలని ఇది రాస్తున్నాను. ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర నేను 2012 నాటి సుబారు అవుట్‌బ్యాక్‌ను 8,900 డాలర్లకు కొన్నాను. రెండు నెలలు తిరగకముందే మరో 5,200 డాలర్లు మరమ్మతుకు పోశాను. ఈ నష్టానికి కారును గానీ దాన్ని తయారుచేసిన కంపెనీని గానీ నేను తప్పుపట్టడం లేదు. చేయించని పనిని చేయించామని నోటిమాటగా చెప్పి అమ్మిన వ్యాపారిది తప్పు, ఆ మాటకు కాగితం అడగకపోవడం నా తప్పు.

గుంటూరు నుంచి అమ్మానాన్నలు రావడానికి నెల ముందు, కొండదారుల్లో వాళ్ళను భద్రంగా తిప్పగల కారు కావాలని వెతకడం మొదలుపెట్టాను. ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆయన పదిహేనేళ్ళుగా ఒకే సుబారు నడుపుతున్నారు. రెండు లక్షల మైళ్ళు దాటినా అది ఏ చలికాలంలోనూ తనను దారిలో వదిలేయలేదని ఆయన చెప్పేవారు. మన తెలుగు కుటుంబాల వాట్సాప్ బృందంలో అడిగినా అదే మాట వినిపించింది. అలా కారు పేరు మీద నమ్మకం కుదిరిపోవడంతో, ఎదురుగా ఉన్న ఆ ఒక్క కారును విడిగా పరీక్షించాలన్న ఆలోచనే నాకు రాలేదు. మీటరు మీద 1,12,000 మైళ్ళు ఉన్నాయి. ఇంజను మెరిసిపోయేలా కడిగి పెట్టారు. ఇంజనులో వాల్వులూ పిస్టన్లూ ఒక క్రమంలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు సంగతి అడిగితే, "లక్ష మైళ్ళ దగ్గర చేయాల్సిన పెద్ద సర్వీసు అంతా అయిపోయింది" అని అమ్మకందారు చెప్పాడు. నేను నమ్మి సంతకం పెట్టాను.

డిసెంబరులో ఒక సాయంత్రం కొండల మీద నుంచి డెన్వర్ వైపు ఐ-70 రహదారిలో దిగుతుండగా, ముందుగా ఏ హెచ్చరికా లేకుండా ఇంజను ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుపోయింది. ఎలాగోలా అంచుకు చేర్చాను గానీ, హీటరు లేని కారులో అరవై ఏడేళ్ళ అమ్మ శాలువా కప్పుకుని గంటన్నరసేపు టో ట్రక్కు కోసం ఎదురుచూడటం నేను ఎప్పటికీ మరచిపోలేను. మర్నాడు షెడ్డులో మెకానిక్ కవర్లు విప్పి చూపించాడు. బెల్టు తెగిపోయి ఉంది. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి మొదటి బెల్టేనని దాని మీది గుర్తులను బట్టి చెప్పాడు. బెల్టును నడిపే కప్పీల్లో ఒకటి బేరింగు అరిగి బిగుసుకుపోయింది. ఈ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్ళి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. కాబట్టి కొన్ని వందల డాలర్లతో తేలవలసిన పని, వాల్వులు వంగిపోయి, అవి బిగించి ఉండే సిలిండరు హెడ్లు విప్పదీసేదాకా పోయింది.

ఆ తరువాత ఈ కార్ల చరిత్రను శ్రద్ధగా చదివాను. నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో, జాగ్రత్త ఎక్కడ అవసరమో రెండూ ఆ చరిత్రలోనే ఉన్నాయి. నకజిమా చికుహే అనే మాజీ నౌకాదళ అధికారి 1917లో గున్మా ప్రాంతంలోని ఓటా పట్టణంలో పెట్టిన విమాన పరిశోధనశాల ఈ కంపెనీకి మూలం. రెండో ప్రపంచ యుద్ధంలో అది జపాను సైన్యానికి యుద్ధవిమానాలు తయారుచేసింది. 1945 తరువాత విమానాల తయారీని నిషేధించి, సంస్థను ముక్కలుగా విడగొట్టినప్పుడు, అక్కడి ఇంజనీర్లు రాబిట్ అనే స్కూటరు చేసి పొట్టపోసుకున్నారు. 1953లో ఫుజీ హెవీ ఇండస్ట్రీస్ ఏర్పడింది, విడిపోయిన సంస్థల్లో ఐదు అందులో కలిశాయి. జపాను భాషలో సుబారు అంటే కృత్తికా నక్షత్రాల గుంపు. ఆ మాటకు ఒకచోట చేరడమనే అర్థం కూడా ఉంది. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆరుగురు కృత్తికల కథ విన్న మనకు కారు ముందు భాగంలోని ఆరు నక్షత్రాలు పరాయివిగా అనిపించవు. అందులో పెద్ద చుక్క మాతృసంస్థకు, ఐదు చిన్న చుక్కలు కలిసిన సంస్థలకు గుర్తు.

1958లో వచ్చిన సుబారు 360 జపానులో సామాన్య కుటుంబాలకు అందిన చిన్న కారు. అయితే దాన్ని 1968లో అమెరికాకు తెచ్చినప్పుడు, ఇక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక అది భద్రతరీత్యా ఆమోదయోగ్యం కాదని 1969లో తేల్చిచెప్పింది. అంటే ఇప్పుడు మనం వినే మంచిపేరు ఈ కంపెనీకి అమెరికాలో మొదటి రోజునే రాలేదు. అది మంచు ప్రాంతాల్లో మెల్లగా సంపాదించుకున్నది. జపాను ఈశాన్య ప్రాంతపు విద్యుత్ సంస్థ తమ సిబ్బంది మంచులో కొండలెక్కడానికి జీపు కంటే సౌకర్యమైన బండి కావాలని కోరడంతో మొదలైన పని, 1972లో లియోన్ అనే నాలుగు చక్రాలకూ శక్తి అందే స్టేషన్ వ్యాగన్‌గా బయటికి వచ్చింది. 1990ల మధ్య నుంచి అమెరికాలో ఈ కంపెనీ అమ్మే దాదాపు ప్రతి కారుకూ ఆ ఏర్పాటు ఉంటోంది. కొలరాడో, వెర్మాంట్, ఆరెగాన్ వంటి రాష్ట్రాల్లో యజమానులు ఈ కార్లను ఇంటి మనుషుల్లా చూసుకోవడానికి కారణం అదే. జనరల్ మోటార్స్‌కు ఇందులో వాటా ఉన్న రోజుల్లో ఫారెస్టర్ మోడల్ మన దేశంలో షెవర్లే పేరుతో అమ్ముడయింది కాబట్టి, హైదరాబాదులో దాన్ని చూసినవారు మీలో ఉండవచ్చు.

ఇక జాగ్రత్త పడవలసిన సంగతి. 1966 నాటి సుబారు 1000 మోడల్ నుంచి ఈ కంపెనీ బాక్సర్ ఇంజనును వదలలేదు. ఇందులో సిలిండర్లు నిలువుగా కాక, ఎడమకూ కుడికీ పడుకున్నట్టు ఉంటాయి. బరువు నేలకు దగ్గరగా ఉండటం వల్ల మలుపుల్లో కారు నిలకడగా ఉంటుంది. కానీ హెడ్లు రెండూ పక్కలకు కిందిగా ఉండటంతో, వాటి గాస్కెట్లు, అంటే కారకుండా మధ్యలో వేసే పలుచని పొరలు, బలహీనపడితే ఆయిలూ ఇంజనును చల్లబరిచే కూలెంటూ కింది అంచు నుంచే ఊరతాయి. బానెట్టు ఎత్తి పై నుంచి చూసేవారికి ఆ తడి కనపడదు. 1990ల చివరలోనూ 2000ల్లోనూ వచ్చిన 2.5 లీటర్ల ఇంజన్ల విషయంలో ఈ హెడ్ గాస్కెట్ల సమస్య యజమానులందరికీ తెలిసినదే. అందులో కొన్ని సంవత్సరాల కార్లకు కంపెనీయే కూలెంటులో కలిపే ఒక ద్రవాన్ని వేయించుకోమని చెప్పి, గాస్కెట్ల వారంటీని పొడిగించింది. అందుకే అమ్మకానికి పెట్టిన పాత సుబారు ఇంజను అద్దంలా మెరుస్తుంటే సంతోషించకండి. ఎందుకు కడిగారని అడగండి. కారును లిఫ్టు మీద ఎత్తించి, రెండు హెడ్ల కింది అంచులనూ టార్చి వేసి చూడమని మెకానిక్‌ను కోరండి. కడిగి రెండు రోజులే అయితే తడి కనపడకపోవచ్చు కాబట్టి, అరగంట సేపు రహదారి మీద నడిపి వచ్చిన తరువాతే ఎత్తించండి.

టైమింగ్ బెల్టు సంగతి నాకు జరిగింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నాలుగు సిలిండర్ల అవుట్‌బ్యాక్, లెగసీ కార్లలో 2012 మోడల్ దాకా, ఇంప్రెజాలో 2011 దాకా, ఫారెస్టర్‌లో 2010 దాకా బెల్టు ఉంటుంది. ఆ తరువాతి వాటిలో బెల్టు బదులు చైను వచ్చింది. టర్బో ఇంజన్లున్న కార్లలో బెల్టు ఇంకా కొన్నేళ్ళు కొనసాగింది. బెల్టున్న ఈ కార్లకు 1,05,000 మైళ్ళు లేదా 105 నెలలు, ఏది ముందైతే అప్పుడు మార్చాలని కంపెనీ చెబుతుంది. మనవాళ్ళు మైళ్ళు చూస్తారు గానీ నెలలు లెక్కపెట్టరు. 60,000 మైళ్ళే తిరిగిన 2010 నాటి కారుకు కూడా గడువు ఎప్పుడో దాటిపోయింది. బెల్టు ఒక్కటే మార్చామన్నా చాలదు. దానితోపాటు కప్పీలు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు మార్చారా అన్నది బిల్లులో విడివిడిగా రాసి ఉండాలి. బిల్లు లేకపోతే పక్కనున్న ప్లాస్టిక్ కవరును కొన్ని బోల్టులు విప్పి తీయించి, బెల్టును కళ్ళతో చూడవచ్చు. అది పది నిమిషాల పని. వ్యాపారి దానికి ఒప్పుకోకపోతే ఆ కారును వదిలేయడమే మంచిది.

చైను ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. 2011 నుంచి 2014 మధ్య వచ్చిన కొన్ని ఫారెస్టర్, ఇంప్రెజా, క్రాస్‌ట్రెక్, లెగసీ, అవుట్‌బ్యాక్ కార్లు ఇంజను ఆయిలు ఎక్కువగా తాగుతున్నాయని యజమానులు వేసిన దావా 2016లో రాజీతో ముగిసి, వారంటీ పొడిగింపు దొరికింది. అటువంటి కారు చూసేటప్పుడు డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి, ఆయిలు ఎంత తరచుగా పోస్తున్నారో అడగండి. 2010 నుంచి వచ్చిన సీవీటీ గేర్‌బాక్సులకు (గేర్లు మెట్లుమెట్లుగా కాక ఎడతెగకుండా మారే రకం) కూడా చాలా మోడళ్ళలో వారంటీని 10 సంవత్సరాలు లేదా 1,00,000 మైళ్ళకు పెంచారు. ఇప్పుడు వాటిలో ఎక్కువ కార్లకు ఆ గడువు తీరిపోయింది. టకాటా కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగులను మార్చే రీకాల్ మాత్రం కారు ఎంత పాతదైనా ఉచితమే. కారు గుర్తింపు సంఖ్య అయిన, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ నంబరును అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ (ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ) సైటులో కొట్టి, పెండింగు ఏమైనా ఉందేమో బయానా ఇవ్వక ముందే చూసుకోండి.

నా కారులో రెండో మోసం టైర్ల దగ్గర బయటపడింది. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ అరిగినవి, పైగా వేరే కంపెనీవి. అమ్మకందారు "ముందు టైర్లు కొత్తవి వేశాం" అని గొప్పగా చెప్పినప్పుడు నేను లాభమనుకున్నాను. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే ఈ కార్లలో టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం దాటకూడదు. దాటితే ముందు వెనకల వేగాన్ని సర్దే క్లచ్చు ఎడతెగకుండా రాపిడికి గురై వేడెక్కి పాడవుతుంది. పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపినప్పుడు, కారును ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే ఆ క్లచ్చుకు దెబ్బ తగిలిందని అనుమానించాలి. నా కారు అలా లాగేది. నేను దాన్ని చలికి అనుకున్నాను. అందువల్ల, ఒక టైరు పంక్చరై మార్చవలసి వచ్చినా చాలామంది యజమానులు నాలుగూ కొంటారు. ఆ ఖర్చు కూడా మీ లెక్కలో ఉండాలి.

వ్యాపారి దగ్గరికి తిరిగి వెళ్తే, కిటికీకి అంటించి ఉండిన, వారంటీ ఉందో లేదో చెప్పే బయ్యర్స్ గైడ్ కాగితం నకలు చూపించాడు. దాని మీద "యాజ్ ఈజ్" అన్న గడిలో టిక్కు ఉంది, అంటే ఉన్నది ఉన్నట్టు, ఏ వారంటీ లేకుండా అమ్మకం. నోటితో చేసిన వాగ్దానాలను అమలు చేయించడం కష్టమనీ, అన్నీ రాతపూర్వకంగా తీసుకోమనీ ఆ కాగితమే స్పష్టంగా చెబుతుంది. నేను చదవలేదు. మూడు రోజుల్లో కారు తిరిగి ఇచ్చేయవచ్చని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. షోరూములో కొన్న కారుకు అటువంటి కేంద్ర చట్టం లేదు. లోపాలున్న కారు కొన్నవారిని కాపాడే లెమన్ చట్టాలు కూడా చాలా రాష్ట్రాల్లో కొత్త కార్లకే వర్తిస్తాయి. న్యూయార్క్, మసాచుసెట్స్ వంటి కొన్నిచోట్ల మాత్రం పాత కార్లకూ రక్షణ ఉంది. కొలరాడోలో వ్యాపారుల మీద ఫిర్యాదులు రెవెన్యూ శాఖ కింది ఆటో ఇండస్ట్రీ డివిజన్ తీసుకుంటుంది. నేను అక్కడ ఫిర్యాదు చేశాను. నా చేతిలో రాత ఒక్కటీ లేకపోవడంతో ఆశ తక్కువగానే ఉంది.

కారును నేను అమ్మలేదు. ఇంజను బాగయ్యాక, నాలుగు టైర్లూ ఒకే రకం వేయించాక, ఫిబ్రవరి మంచులో అది మా ఆఫీసాయన చెప్పినట్టే నడిచింది. బెల్టు, కప్పీలు, వాటర్ పంపు మార్చిన బిల్లును తేదీతో, మైళ్ళతో సహా ముందు అరలో పెట్టాను. ఈ వారంలో మీలో ఎవరైనా ఇటువంటి కారు చూడటానికి వెళ్తుంటే, అటువంటి బిల్లునే అడగండి. అది లేదంటే బెల్టు పనికి మీ మెకానిక్ చెప్పిన మొత్తాన్ని ధరలోంచి తగ్గించమనండి, దానికి ఒప్పుకుంటే కొన్న రోజునే కారును నేరుగా షెడ్డుకు తీసుకువెళ్ళి ఆ పని చేయించండి.