ఆరేళ్ళుగా తొక్కుతున్న టూరింగ్ సైకిలు: కోనసీమ కాలవ గట్ల మీద ఎలా పనిచేసింది

ఈ స్టీలు ఫ్రేము టూరింగ్ సైకిలు కొని 6 ఏళ్ళు. మీటరు 18,000 కిలోమీటర్లు దాటింది. అందులో ఎక్కువ భాగం గోదావరి డెల్టాలోనే. కొనే ముందు నేను చూసిందల్లా గేర్లు, బరువు. వాటి గురించి ఇప్పుడు నాకు పెద్దగా చెప్పాలని లేదు. చెప్పాల్సింది హ్యాండిల్ గురించి, సీటు గురించి.

ఏటా భీష్మ ఏకాదశి తీర్థం రద్దీ తగ్గాక రాజమండ్రి నుంచి అంతర్వేది వెళ్తాను. 100 కిలోమీటర్లు, అటూ ఇటూగా. ఈసారి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కేసరికి ఇంకా చీకటే. మంచుకి హ్యాండిల్ తడిసి జారుతోంది. బొబ్బర్లంక దగ్గర దిగి కాలవ గట్టు పట్టుకున్నాను. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఈ కాలవల్లో అప్పట్లో పడవలు నడిచేవి. నీటి మట్టం పెంచి తగ్గించి పడవని దాటించే లొల్ల లాకుల్లాంటివి కట్టింది ఆ పడవల కోసమే. పడవ నడిచిన కాలవ పక్కన రోడ్డు ఎంత చదునుగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వంతెన దగ్గర నాలుగు గజాలు ఎక్కడం, అంతే.

ఎత్తుపల్లాలు లేకపోతే హాయి కదా అంటారు. కొండ దారిలో ఎక్కేటప్పుడు పెడళ్ళ మీద లేచి నిలబడతాం, దిగేటప్పుడు కాళ్ళు ఆపేస్తాం. ఒంటికి ఆ కాస్త మార్పు దొరుకుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. గంటకి 20 కిలోమీటర్ల చొప్పున, కూర్చున్నది కూర్చున్నట్టే తొక్కాలి. మొదటి ఏడాది తిన్నటి హ్యాండిల్‌తో అంబాజీపేట చేరేసరికి చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కి టీ గ్లాసు పట్టుకోలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. తర్వాత పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్ వేయించాను. చేతులు ఆనించడానికి మూడు చోట్లు దొరికాయి. పావుగంటకోసారి చోటు మారుస్తాను. అప్పటి నుంచి తిమ్మిరి రాలేదు. ఈ సైకిలు మీద పెట్టిన ఖర్చులో నాకు బాగా కలిసొచ్చింది ఇదే.

తోలు సీటు మొదటి 500 కిలోమీటర్లు ఏడిపించింది. ఆ తర్వాత నా ఒంటికి తగ్గట్టు ఒదిగింది. మన వానలకి తోలు సాగుతుంది కాబట్టి కింద ఉన్న బోల్టు ఏడాదికోసారి బిగించాలి. క్యారియర్ సంచిలో ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ ఉంచుతాను.

టైర్లు 28 నుంచి 38 మిల్లీమీటర్లకి మార్చాను. ఫిబ్రవరిలో దాళ్వా (రెండో పంట) వరి చేలు పచ్చగా ఉంటాయి, రోడ్డు ఖాళీ. కోతల రోజుల్లో అయితే రోడ్డుకి సగం దాకా ధాన్యం ఆరబోస్తారు. అది ఆ ఇంటి పంట కష్టం, దాని మీద చక్రం పోనివ్వకూడదు. మట్టి మార్జిన్‌లోకి దిగాల్సిందే. సన్న టైరు అక్కడ జారి రెండుసార్లు పడ్డాను. లావు టైరుతో ఆ భయం పోయింది. తుమ్మముళ్ళకి మాత్రం ఏ టైరూ ఆగదు, ట్యూబులు రెండు పెట్టుకోండి.

గేర్ల సంగతి. పెడళ్ళ దగ్గరుండే పళ్ళ చక్రాలు మూడింటిలో నడిమిది రెండుసార్లు అరిగిపోయి మార్చాను. చిన్నది ఇప్పటికీ కొత్తదిలా మెరుస్తోంది. డెల్టాలో గేరు తగ్గించేది గాలికే. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి లేస్తుంది, మనం వెళ్ళేదీ అటే. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద, కాలవ నీటిని నది దాటించే ఆక్విడక్ట్ ఎక్కితే ఆ గాలికి అడ్డే ఉండదు. అక్కడి నుంచి రాజోలు దాకా 12 కిలోమీటర్ల వేగం మించలేదు. టూరింగ్ సైకిలు కొనాలనుకుంటే, ఈ ప్రాంతానికి పెడళ్ళ దగ్గర పళ్ళ చక్రాలు రెండు చాలు.

ఇష్టం లేనిది వెనక చక్రం. సంచుల బరువుకి ఇప్పటికి నాలుగు స్పోకులు తెగాయి. ఈసారి రాజోలు దాటకముందే ఒకటి టప్‌మంది. ఊళ్ళో చిన్న సైకిల్ షాపులో పెద్దాయన చక్రం తిప్పి చూసి, "ఇంత బరువేసుకుంటే 32 స్పోకులు ఆగవండి, 36 వేయించేసుకోండి" అన్నారు. అరగంటలో వంకర తీసి ఇచ్చారు. ఇంటికొచ్చిన వారానికే 36 స్పోకుల చక్రం కట్టించాను.

ఇంకో బాధ తుప్పు. స్టీలు ఫ్రేము గతుకుల్ని బాగా మింగుతుంది, నాకు ఇష్టమైనదే. ఉప్పుగాలికి మాత్రం బోల్టులు పట్టేస్తాయి. మూడో ఏడు సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోయి, ఊడదీయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి గ్రీజు పెడుతున్నాను. అంతర్వేదిలో దిగాక ముందు బోరింగు దగ్గరికే వెళ్తాను. సైకిలు మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, చైనుకి నూనె వేసి, ఆ తర్వాతే స్నానం, నరసింహస్వామి దర్శనం.