హెడర్, ఫుటర్‌లలో స్టైళ్లు: లిబ్రెఆఫీస్ రైటర్‌తో ఏడేళ్ల అనుభవం

పుస్తకాలకూ పరిశోధన వ్యాసాలకూ పేజీలు కూర్చే పనిలో ఏడేళ్లుగా లిబ్రెఆఫీస్ రైటర్‌ను, అంటే మైక్రోసాఫ్ట్ వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, వాడుతున్నాను. పేజీ నెత్తిన హెడర్‌లో పుస్తకం పేరు, అధ్యాయం పేరు, అడుగున ఫుటర్‌లో పుట సంఖ్య అంటే చూడటానికి చిన్న విషయమే గాని, అచ్చుకు పంపే ముందు రోజు రాత్రి నిద్ర లేకుండా చేసేవి ఎక్కువగా ఇవే.

ఫాంటు, సైజు వంటి అమరికలన్నిటినీ ఒక పేరు కింద దాచి ఉంచేదే స్టైల్. మొదట్లో నేను స్టైళ్ల జోలికి పోలేదు. హెడర్‌లో టైపు చేసిన ముక్కను ఎంచుకొని ఫాంటూ సైజూ మార్చేవాణ్ణి. రైటర్‌లో హెడర్ అనేది పేజీ స్టైల్‌కు చెందినది కాబట్టి, అధ్యాయానికొక హెడర్ కావాలంటే అధ్యాయానికొక పేజీ స్టైల్ తప్పదనుకొని, 14 అధ్యాయాల పుస్తకానికి 14 పేజీ స్టైళ్లు తయారుచేశాను. హెడర్ అక్షరాలు ఒక్క పాయింటు తగ్గించమని రచయిత అడిగినప్పుడు, ఎడమ పేజీకీ కుడి పేజీకీ వేర్వేరుగా, 28 చోట్ల మార్చవలసి వచ్చింది. అందులో రెండు చోట్ల మరిచిపోయాను కూడా.

అసలు హెడర్ పెట్టగానే అందులోని పేరాకు ‘హెడర్’ అనే స్టైల్ దానంతటదే వస్తుంది. ఎఫ్11 నొక్కి పేరా స్టైళ్ల జాబితా తెరిస్తే, దానికీ ఫుటర్‌కూ కలిపి ‘హెడర్ అండ్ ఫుటర్’ అనే తల్లి స్టైల్ కనిపిస్తుంది. ఫాంటును అక్కడ ఒక్కసారి మారిస్తే పైనా కిందా మారిపోతుంది. అధ్యాయం పేరును కూడా టైపు చేయనక్కరలేదు. కంట్రోల్, ఎఫ్2 నొక్కితే వచ్చే ఫీల్డ్స్ పెట్టెలోని ‘చాప్టర్’ ఫీల్డు (కొత్త వెర్షన్లలో దీని పేరు ‘హెడింగ్’), ‘హెడింగ్ 1’ స్టైల్‌లో ఉన్న శీర్షికను తానే తెచ్చుకుంటుంది. శీర్షిక 20 పాయింట్ల లావు అక్షరాల్లో ఉన్నా, హెడర్‌లోకి వచ్చేసరికి హెడర్ స్టైల్ చెప్పిన సైజులోనే ఒదుగుతుంది. ఎవరైనా శీర్షికకు స్టైల్ ఇవ్వకుండా బోల్డ్ చేసి వదిలేస్తే మాత్రం, ఆ అధ్యాయమంతటా వెనకటి అధ్యాయం పేరే వస్తుంది. ప్రూఫుల్లో నేను మొదట వెతికేది దీన్నే.

అధ్యాయం మొదటి పుటకు హెడర్ లేకపోవడం మన పుస్తకాల్లో మర్యాద. ‘హెడింగ్ 1’ స్టైల్‌లోని ‘టెక్స్ట్ ఫ్లో’ విభాగంలో, శీర్షికకు ముందు పేజీ విరుపు, దానికి ‘ఫస్ట్ పేజ్’ స్టైల్ అని ఒకసారి చెప్పి ఉంచితే, ఆ పుట హెడర్ లేకుండా వచ్చి, తరువాతి పుట నుంచి మామూలు స్టైల్ అందుకుంటుంది. ఈ ఒక్క సదుపాయం కోసమైనా రైటర్‌ను వదలబుద్ధి కాదు.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. స్టైల్‌లోని ఫాంటు విభాగంలో పాశ్చాత్య లిపికి ఒక భాగం, తెలుగు వంటి ‘కాంప్లెక్స్’ లిపులకు వేరొక భాగం ఉంటాయి. మొదటి దానిలో సైజు మార్చి, తెలుగు అక్షరం కదలలేదేమని చాలాకాలం తల గోక్కున్నాను. రెండవది, పేరాకు వరుసల ఎడం ‘ఫిక్స్‌డ్’ అని బిగిస్తే ‘రాష్ట్రం’ వంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి. హెడర్ ఎత్తును ‘ఆటోఫిట్’కు వదిలి, ఎడాన్ని ‘సింగిల్’లో ఉంచడమే క్షేమం.

మరొకటి, హెడర్ స్టైల్‌లో ముందే ఉండే ట్యాబులు (ట్యాబ్ కీ నొక్కితే అక్షరాలు వెళ్లి నిలిచే చోట్లు) ఎ4 కాగితం కొలతకు, అంటే 8.5, 17 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. డెమీ సైజు పుస్తకంలో అక్షరాల వెడల్పు 10 సెంటీమీటర్లే అయితే, కుడి ట్యాబు అంచు దాటి పోయి పుట సంఖ్య చోటు తప్పుతుంది. స్టైల్‌లోనే వాటిని 5కూ 10కీ మార్చుకోవాలి.

వర్డ్‌లో పేజీ స్టైళ్లు లేవు, సెక్షన్లే ఉన్నాయి. అందువల్ల వర్డ్ రూపంలో (.docx) భద్రపరిచిన ఫైలు అక్కడ తెరిస్తే ఈ అమరిక ఉన్నదున్నట్టు నిలుస్తుందని నమ్మలేము. ఒక ప్రెస్సువారు అలా తెరిచి ముద్రించిన పుస్తకంలో అధ్యాయాల మొదటి పుటలన్నిటికీ హెడర్లు వచ్చాయి. ఫైలు అడిగినా పీడీఎఫ్ మాత్రమే ఇవ్వడం అప్పటి నుంచి నా అలవాటు.