మిరిలో పెద్దావిడను చూసొచ్చాం

మిరిలో చాలామంది ములు గుహలకు విమానం మారడానికే దిగుతారు. మేం మాత్రం అక్కడి పాత చమురుబావి కోసం రెండు రాత్రులు ఉన్నాం. మావారు రాజమండ్రిలో రిగ్గుల మీద పనిచేసి రిటైరైన మనిషి, చమురుబావి అంటే గుడికి బయల్దేరినట్టే.

మిరి బోర్నియో ద్వీపంలో, మలేషియా వైపున్న సరవాక్‌లో ఉంది. కౌలాలంపూర్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. దేశం అదే అయినా సరవాక్‌లో మళ్ళీ ఇమిగ్రేషన్ ఉంటుంది, పాస్‌పోర్టు చేతిలోనే పెట్టుకోండి.

ఊరి వెనక కెనడా హిల్ మీద 1910 ఆగస్టు 10న షెల్ వాళ్ళు తవ్వడం మొదలుపెడితే డిసెంబరు 22న చమురు పడింది. మలేషియాకు అదే తొలి బావి. పేరు గ్రాండ్ ఓల్డ్ లేడీ, మా ఇంట్లో ఇప్పుడు 'పెద్దావిడ'. మొదట్లో రోజుకు 83 పీపాలు. 1972లో మూసేసేలోగా మొత్తం సుమారు 6 లక్షల 60 వేల పీపాలు ఇచ్చిందట. అంతకు చాలా ముందే ఊళ్ళోవాళ్ళు చేత్తో తవ్విన గుంటల్లోంచి నూనె తోడి దీపాలకూ, పడవల అతుకులకూ వాడేవాళ్ళు.

బావి మీద నిలబెట్టిన ముప్పై మీటర్ల చెక్క గోపురం, అదే డెరిక్, దాని కింద మావారు అరగంట నిలబడ్డారు. అప్పట్లో ఇప్పటిలా గిర్రున తిరిగే డ్రిల్లు కాదు. బరువైన ఉలిని తాడుతో పైకెత్తి పడేస్తూ, రాయిని పొడి చేస్తూ దిగడమే. పక్కనే 2005లో తెరిచిన పెట్రోలియం మ్యూజియం చిన్నదే, గంట చాలు.

నిజం చెప్పాలంటే ఇంతకుమించి పెద్దగా మిగల్లేదు. 1914లో మిరిలో కట్టిన రిఫైనరీని కొన్నేళ్ళకే దగ్గర్లోని లుటాంగ్‌కు మార్చారు. 1941 డిసెంబరులో జపాన్ సేన దిగేలోపు బ్రిటిష్‌వాళ్ళే బావులనూ యంత్రాలనూ పాడుచేశారు. కాబట్టి చమురు కోసమే అయితే ఒక పూట సరిపోతుంది.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. సముద్రం కనిపిస్తుందని ఊరికి దూరంగా గది తీసుకున్నాం. ఏసీ నీళ్ళు కారింది, చెప్తే బకెట్ పెట్టి వెళ్ళారు! రెండో రాత్రికి ఊళ్ళోకి మారాం. ఫోన్ యాప్‌లో పిలిచే గ్రాబ్ టాక్సీ తేలిగ్గానే దొరికింది. శాకాహారులకు మన పరోటాలాంటి రోటీ చనాయ్, పప్పు దిక్కు. సంతలో మిదిన్ అనే ఫెర్న్ ఆకు కనిపిస్తే వదలొద్దు, వెల్లుల్లితో వేయిస్తే తోటకూర వేపుడు పక్కన పెట్టాల్సిందే.

కొండెక్కడానికి సాయంత్రమే మంచిది. ఊరూ, దాని వెనక దక్షిణ చైనా సముద్రం, ఎర్రగా దిగిపోయే సూర్యుడూ కనిపిస్తాయి. కెమెరా మావారి చేతిలో ఉంది. ఇంటికొచ్చి చూస్తే నలభై ఫోటోలు, అన్నీ డెరిక్ బోల్టులే.