చూపు తగ్గిన అమ్మకూ వినికిడి తగ్గిన పిన్నికీ మధ్య నాలుగేళ్లుగా ఒక ఫోన్

మా అమ్మకు ఇరవై ఏళ్లుగా షుగరు. చూపు బాగా తగ్గిపోయింది. పెద్దక్షరాలు కూడా అలుక్కుపోయినట్టు కనపడతాయంటుంది. కావలిలో ఉండే మా పిన్నికి చెవుడు. మిషను పెట్టుకున్నా ఎదురుగా మనిషి పెదాలు కనపడితే తప్ప మాట అందదు, ఫోనులో అయితే ఒట్టి గొరగొరే. 2021లో అమ్మను చెన్నైకి, పెరంబూరులో మా ఇంటికి తెచ్చుకున్నాక అక్కచెల్లెళ్లకు మాటలు తెగిపోయాయి. ఈమె చదవలేదాయె, ఆమె వినలేదాయె. ప్రతి కబురుకూ మధ్యలో నేనుండాలి. నేను ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది.

ఇప్పుడు వాళ్లిద్దరూ రోజుకు రెండు మూడుసార్లు మాట్లాడుకుంటారు. అమ్మ మాట్లాడితే కీబోర్డులోని మైకు దాన్ని తెలుగక్షరాలు చేస్తుంది. పిన్ని టైపు చేసింది ఫోను పైకి చదువుతుంది. నాకు తమిళం మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అందుకని ఇంటికి ఏ తమిళ కాగితం వచ్చినా కెమెరా కింద పెట్టి తెలుగులోకి మార్చుకుంటాను. డీప్ న్యూరల్ నెట్‌వర్కులు అని పత్రికల్లో రాసేవి, అంటే లక్షల ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటరు ప్రోగ్రాములు, మా ఇంట్లో చేస్తున్న పనులు ఇవి. నాలుగేళ్లు రోజూ వాడాను కాబట్టి ఎక్కడ నమ్మొచ్చో, ఎక్కడ నమ్మకూడదో చెప్పగలను.

ముందు అచ్చు కాగితాల సంగతి. ఇక్కడ పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. మా అపార్ట్‌మెంటు గేటుకు నోటీసు అంటిస్తారు. 'నాళై కాలై 10 మణి ముదల్ మాలై 4 మణి వరై తణ్ణీర్ వరాదు' అని ఉంటే, రేపు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు నీళ్లు రావని క్షణంలో తెలుగులో వచ్చేస్తుంది. బస్సు బోర్డులు, కరెంటు ఆఫీసు నోటీసులు, గుడిలో పూజల వేళలు అన్నీ ఇంతే. కాగితం నలిగినా, కాస్త వంకరగా పట్టుకున్నా చదివేస్తుంది.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. అందుకని గోపాల్ కోపాల్ అవుతాడు, భాస్కర్ పాస్కర్ అవుతాడు. అది యంత్రం తప్పు కాదు, లిపిలోనే ఆ తేడా లేదు. ఫారాల్లో పేరు రాసేటప్పుడు అనువాదంలో వచ్చింది ఎత్తి రాయొద్దు. ఆధార్‌లో ఎలా ఉందో చూసి రాయండి.

ఇక చేతిరాత. 2023 నవంబరులో అమ్మకు శుక్లం ఆపరేషన్ చేయించాం. ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తల కాగితం ఇచ్చారు. అచ్చులో ఉన్నదాని కింద నర్సు పెన్నుతో ఒక లైను రాసింది. ఇంటికొచ్చి కెమెరా పెట్టాను. అచ్చంతా చక్కగా వచ్చింది. పెన్నుతో రాసిన లైనుకు 'తలస్నానం చేయాలి' అని వచ్చింది. మర్నాడు పొద్దున వేణ్ణీళ్లు పెట్టాను. అమ్మ తలకు నూనె కూడా రాసుకుంది. ఇంతలో ఎదురింటి పెద్దామె పలకరించడానికి వచ్చి, నూనె తల చూసి, కాగితం అడిగి తీసుకుంది. చదివి, 'వేండుం ఇల్లమ్మా, వేండాం' అంది.

వేండుం అంటే కావాలి, చేయాలి. వేండాం అంటే వద్దు. ఆ కాగితంలో ఉన్నది 'తలైక్కు కుళిక్క వేండాం'. తలకు పోసుకోవద్దని.

ఆమె వెళ్లాక ఆ కాగితాన్ని లైటు కింద పెట్టి చాలాసేపు చూశాను. గోడా నేలా కలిసిన మూలలా ఉంటుంది తమిళ 'ట'. దాని పక్కన విడిగా ఒక కాలు పెడితే 'డా'. అదే గీత కింద నుంచి చుట్టుకుని పైకి లేస్తే 'డు'. నర్సు తొందరలో రాసింది, కాలు కింద అతుక్కుపోయింది. అంతే తేడా. కుట్లు కూడా వేయని కంట్లోకి, ఆపరేషనయిన మూడో రోజే సబ్బు నీళ్లు పోయేవి. ఆ పెద్దామె ఆ నిమిషానికి రాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తప్పు కాదు. తప్పులు మనుషులూ చేస్తారు. 'తలస్నానం చేయాలి' అనే ముక్క, పైనున్న అచ్చు లైన్లంత స్థిరంగా, అదే సైజు అక్షరాల్లో, ఏ అనుమానం గుర్తూ లేకుండా వచ్చింది. మనిషికి చదివించి ఉంటే కళ్లు చికిలించి, 'ఇది డా నా, డు నా?' అని అడిగేవాళ్లు.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవాలని ఆ తర్వాత చాలా చదివాను. బొమ్మలు చూసే నెట్‌వర్కు చిన్న చిన్న గళ్లలో గీతలు, వంపులు పట్టుకుంటూ, వాటిని కలిపి అక్షరాల దాకా వెళుతుంది. 1989లోనే బెల్ ల్యాబ్స్‌లో యాన్ లెకున్ బృందం ఉత్తరాల మీద చేత్తో రాసిన పిన్‌కోడ్ అంకెలను ఇలా చదివించింది. చివరి అంచెలో అది చేసే పని మాత్రం మార్కులు పంచడం. తనకు తెలిసిన అక్షరాలన్నిటికీ కలిపి నూటికి నూరు మార్కులు పంచి తీరాలి. డా కు 48, డు కు 52 వచ్చినా డు గెలుస్తుంది. గచ్చు నేలకు కెమెరా పెట్టినా ఏదో ఒకదానికి మార్కులు వేయాల్సిందే. లోపల ఆ మార్కులుంటాయి, మనకు చూపించరు. పైగా దాని వెనకున్న భాషా భాగం ఎక్కువ వాడుకలో ఉన్న మాట వైపు మొగ్గుతుంది. చేయాలి అనే ఆదేశాలు కాగితాల్లో ఎక్కువ కదా.

పాత పద్ధతి అనువాదాలు తప్పయితే తెలిసిపోయేవి. ముక్కలు ముక్కలుగా అతికించేవి కాబట్టి వాక్యం కుంటేది, మనం ఆగి ఆలోచించేవాళ్లం. 2017లో గూగుల్ తెలుగు, తమిళం సహా మన భాషల్ని న్యూరల్ పద్ధతిలోకి మార్చింది. అదే ఏడాది ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త రకం నెట్‌వర్కు వచ్చింది, వాక్యంలోని మాటలన్నిటినీ కలిపి చూసేది. అప్పటి నుంచి వాక్యాలు నున్నగా నడుస్తున్నాయి. తప్పు కూడా నున్నగానే నడుస్తుంది. అందుకే చేతిరాతకు నేనిచ్చేది పదికి మూడు.

తమిళం నుంచి తెలుగుకు నేరుగా కాకుండా మధ్యలో ఇంగ్లీషు మీదుగా వెళ్లే అనువాదాలు చాలా ఉన్నాయి. ఎదురింటి పెద్దామె కూతురు నాకు పంపే మెసేజీల్లో 'అక్కా' అని ఉంటుంది. ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే. తెలుగులోకి వచ్చేసరికి 'సోదరి' అవుతోంది. నీంగ అని గౌరవంగా అన్నది ఒక్కోసారి నువ్వు అయిపోతోంది. పక్కపక్కనున్న రెండు ఇళ్ల మధ్య నడవడానికి ఊరంతా చుట్టి రావడం లాంటిది ఇది. మన గిండీ దగ్గర ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ వాళ్లు 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 అనే అనువాద యంత్రం రాజ్యాంగంలోని 22 భాషలకు పనిచేస్తుంది, అందరూ వాడుకునేలా ఉచితంగా పెట్టారు. మన భాషల మధ్య నేరుగా నడిచే ఇలాంటివి ప్రతి ఫోనులోకీ రావాలని నా కోరిక.

మాటను రాతగా మార్చడం గురించి. మాది నెల్లూరు యాస. 2021లో అమ్మ 'కాళ్లనొప్పులు ఎట్టుండాయి మే' అంటే సగం మాటలు గల్లంతయ్యేవి. ఇప్పుడు దాదాపు అన్నీ పడుతున్నాయి, కానీ 'ఎట్టుండాయి' కాస్తా 'ఎట్లున్నాయి' అయిపోతుంది. 'అక్కేంది హైదరాబాదు మాటలు మాట్లాడతా ఉండాది' అని పిన్ని నన్నడిగింది. యంత్రం ఏ యాస ఎక్కువ వింటే అటే లాగుతుంది. అమ్మ గొంతు లేని అమ్మ మాటలు చెల్లెలికి వెళ్లడం నాకు వెలితిగానే ఉంటుంది.

దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. తెలుగులో అవునా కాదా అని అడిగే ప్రశ్న అంతా చివరి దీర్ఘంలో ఉంటుంది. 'మందు వేసుకున్నావా' అని అమ్మ అడుగుతుంది. పెద్దవాళ్ల గొంతు కదా, వాక్యం చివర గాలి తగ్గుతుంది. రాతలో 'మందు వేసుకున్నావు' అని వెళుతుంది. పిన్ని దాన్ని చదివి, ఓహో నా సంగతి తెలిసిందిలే అనుకుని జవాబివ్వదు. జవాబు రాలేదని అమ్మ కంగారు పడుతుంది. వారం పాటు ఇద్దరూ అలిగి కూర్చున్న సందర్భం ఉంది. తమిళంలో ఒక కాలు, తెలుగులో ఒక దీర్ఘం. అర్థమంతా ఎక్కడ ఆనుకుని ఉందో అక్కడే ఇది జారుతుంది.

అనుమానం ఉంటే యంత్రం బయటికి చెప్పే విషయంలో కంటి ఆసుపత్రిలో చూసింది నాకు బాగా నచ్చింది. షుగరు వల్ల కంటి వెనక పొర ఎంత దెబ్బతిన్నదో ఫొటో తీసి చూస్తారు. అమ్మ కన్ను కదిలింది. ఫొటో మసకగా ఉందని యంత్రం ఒప్పుకోలేదు, మళ్లీ తీయమంది. మూడోసారికి గానీ తీసుకోలేదు. ఈ రకం పరీక్ష మీద 2016లో వచ్చిన పెద్ద పరిశోధనలో 1,28,175 ఫొటోలతో నెట్‌వర్కుకు శిక్షణ ఇచ్చారు. 54 మంది వైద్యులు ఆ ఫొటోలు చూసి గ్రేడులు వేశారు. ఆ ఫొటోలు ఇచ్చిన భారతీయ ఆసుపత్రుల్లో మన చెన్నై శంకర నేత్రాలయ, మదురై అరవింద్ కూడా ఉన్నాయి. తర్వాత థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో పెట్టి చూసినప్పుడు ఐదో వంతు ఫొటోలను బాగాలేవని యంత్రం తిప్పికొట్టింది. నర్సులకు విసుగొచ్చిందట, రోగులు ఇంకో ఊరు వెళ్లాల్సొచ్చిందట. వాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. అయినా తలస్నానం కాగితం చూశాక, నాకు సరిగ్గా కనపడలేదు అని చెప్పే యంత్రమే నాకు కావాలి.

ఫొటో చూసి అందులో ఏముందో చెప్పే సదుపాయం ఈ ఏడాదే అమ్మకు అలవాటు చేశాను. పిన్ని మనవరాలి ఫొటో పంపితే 'పసుపు గౌను వేసుకున్న చిన్న పాప, వెనక అరటిచెట్లు' అంటుంది. అమ్మకు అది చాలు, ముఖం వెలిగిపోతుంది. ముగ్గును నేల మీద తెల్ల డిజైను అంటుంది, పెసరట్టును దోసె అంటుంది. సర్దుకుపోవచ్చు.

బ్యాంకు పాసుబుక్కు, ఆధార్, ఓటీపీ ఉన్న తెర వీటికి కెమెరా పెట్టను. భాషను ముందే దించుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది, ఆసుపత్రి రిపోర్టులకు నేను అలాగే వాడతాను. నాణ్యత కొంచెం తగ్గుతుంది, పర్వాలేదు. మందు మోతాదు, తేదీ, చేయాలి, వద్దు అనే నాలుగింటిని మాత్రం తమిళం చదివే మనిషికి చూపించకుండా నమ్మను. ఎదురింటి పెద్దామె ఇందుకు ఒక్కనాడూ విసుక్కోలేదు.

అమ్మ తనకు తానే ఒక దారి కనిపెట్టింది. పంపేముందు ఫోను చేత తిరిగి చదివించుకుంటుంది. నిన్న రాత్రి వంటింట్లోంచి వింటున్నాను. 'మందు వేసుకున్నావు' అని చదివింది ఫోను. 'అట్టా కాదు' అని అమ్మ మళ్లీ, గట్టిగా, చివర సాగదీసి చెప్పింది, 'వేసుకున్నావా, చెప్పు మే' అని. ఈసారి సరిగ్గా పడింది, పంపింది. రెండు నిమిషాలకు జవాబు చదివింది ఫోను: 'వేసుకున్నా అక్కా. నువ్వు తింటివా.'