డీకోడర్ భేష్, లైట్ల కిట్ వద్దు: పాత మోడల్ ఇంజిన్‌కు డిజిటల్ మార్పు

మోడల్ రైళ్లలో నాకు మొదటినుంచీ కంటగింపుగా ఉన్నది ఒకటే: బండి ఆగగానే ఇంజిన్ దీపం ఆరిపోవడం. నిజమైన రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నప్పుడే కదా ఆ హెడ్‌లైటు కళ్లలో పొడుస్తుంది! డీసీ కరెంటుతో నడిచే పాత మోడల్‌లో వ్యవహారం తలకిందులు. పట్టాల మీద వోల్టేజీ పెంచితే పరుగు, తగ్గిస్తే నడక, తీసేస్తే ఆగడం. దీపానికీ ఆ వోల్టేజీయే దిక్కు కాబట్టి బండి నెమ్మదించగానే మసకబారుతుంది, ఆగగానే చీకటి.

అందుకే నా పాత హెచ్‌ఓ డీజిల్ ఇంజిన్‌ను డిజిటల్‌కు మార్చాను. హెచ్‌ఓ అంటే 1:87 నిష్పత్తి, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఈ పనికి కొన్నవి రెండు: ఈఎస్‌యూ వారి లోక్‌పైలట్ 5 డీకోడర్, వేరే తయారీదారు అమ్మే ఎల్‌ఈడీ లైట్ల కిట్. రెండో పేరు చెప్పను. ఇలాంటి కిట్లు పెట్టె మార్చుకుని చాలానే తిరుగుతుంటాయి కనుక పేరు కన్నా లక్షణాలు తెలియడం ముఖ్యం. తీర్పు ముందే చెప్పేస్తాను: డీకోడర్ మళ్లీ కొంటాను, కిట్ కొనను.

ముందు డీకోడర్ సంగతి. డిజిటల్ పద్ధతిలో పట్టాల మీద వోల్టేజీ ఎప్పుడూ స్థిరంగా ఉంటుంది, హెచ్‌ఓలో సాధారణంగా 14 నుంచి 16 వోల్టులు. ఆదేశాలు కూడా ఆ కరెంటులోనే సంకేతాలుగా వస్తాయి. ఇంజిన్ లోపల కూర్చున్న డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్ని మాత్రమే పట్టుకుని, మోటారుకు ఎంత ఇవ్వాలో, ఏ దీపం వెలిగించాలో తేలుస్తుంది. లెంజ్ సంస్థ పని ఆధారంగా రూపొందిన ఈ డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిని అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ 1990లలో ప్రమాణంగా స్వీకరించింది. ఆ పుణ్యమా అని ఒక కంపెనీ కంట్రోలరుతో మరో కంపెనీ డీకోడర్ హాయిగా నడుస్తుంది, తీగల రంగులు కూడా అందరివీ ఒకటే. ఎరుపు, నలుపు పట్టాల నుంచి కరెంటు తెచ్చేవి. నారింజ, బూడిద మోటారుకు. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి ప్లస్. ఆకుపచ్చ, ఊదా అదనపు పనులకు.

కొత్త ఇంజిన్లలో ఎనిమిది పిన్నుల సాకెట్టో, 21 పిన్నులదో కంపెనీ నుంచే వస్తుంది. డీకోడర్ గుచ్చి మూత పెట్టేస్తే సరి. నా ఇంజిన్ పుట్టేనాటికి ఆ సౌకర్యం లేదు. చాలామంది డీకోడర్ ప్లగ్గు కత్తిరించి తీగలను నేరుగా మోటారుకు సోల్డర్ చేస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. విడిగా దొరికే ఎనిమిది పిన్నుల సాకెట్టును ఇంజిన్ తీగలకు సోల్డర్ చేసి, డీకోడర్‌ను అందులో గుచ్చాను. రేపు శబ్దాల డీకోడర్ పెట్టాలనిపిస్తే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనక్కరలేదు. ఈ సాకెట్టులో ఒక చమత్కారం ఉంది: ప్లగ్గును తిరగేసి గుచ్చినా మోటారు తిరుగుతుంది, దీపాలు మాత్రం వెలగవు. నారింజ తీగ ఒకటో పిన్ను మీదకు రావాలన్నది గుర్తుంచుకుంటే గొడవ ఉండదు.

అసలు జాగ్రత్త పడవలసిన చోటు వేరే ఉంది. పాత ఇంజిన్లలో మోటారు బ్రష్‌లలో, అంటే మోటారుకు కరెంటు అందించే కొసల్లో, ఒకటి నేరుగా లోహపు చాసిస్‌కు తగులుతూ ఉంటుంది, ఆ చాసిస్ ఒక పట్టాకు తగులుతుంది. అలాగే వదిలేసి డీకోడర్ కలిపితే పట్టాల మీది కరెంటు తిన్నగా డీకోడర్ మోటారు కొసలోకి దూకి దాన్ని కాల్చేస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! బ్రష్ స్ప్రింగ్ కింద కాప్టన్ టేపు (వేడికి తట్టుకుని కరెంటును ఆపే టేపు) ముక్క వేసి, మోటారు బిగించే మరల దగ్గర కూడా టేపు చుట్టి, రెండు బ్రష్‌ల నుంచీ ప్రతి చక్రానికీ మల్టీమీటరుతో కొలవాలి. ఎక్కడా ఏ మాత్రం తగులుబాటు కనిపించకూడదు. ఈ పనికి పట్టే సమయమే మొత్తం మార్పులో పెద్ద భాగం. దీన్ని తొందరపెట్టేవారు డీకోడర్లు రెండేసి కొనుక్కోవడం మంచిది. మోటారుకు అడ్డంగా ఉన్న చిన్న కెపాసిటర్‌ను కూడా తీసేశాను. డీకోడర్ మోటారును కొలిచే తీరుకు అది అడ్డు తగులుతుంది.

ఆ కొలిచే తీరులోనే లోక్‌పైలట్ గొప్పతనం ఉంది. మోటారు తిరుగుతూ తానే పుట్టించే ఎదురు వోల్టేజీని డీకోడర్ క్షణక్షణం చదివి, ఎత్తు ఎక్కుతున్నా మలుపు తిరుగుతున్నా వేగం మారకుండా సరిచేస్తుంది. డీకోడర్‌లో నంబర్లవారీగా దాచుకునే ఒక్కో సెట్టింగును సీవీ అంటారు; ఈ డీకోడర్‌లో 54వ సీవీకి 0 ఇచ్చి కంట్రోలరు మీద ఎఫ్1 మీట నొక్కితే ఇంజిన్ ఒక్క ఉరుకు ఉరికి ఆగుతుంది, ఆ కొద్ది క్షణాల్లోనే తన మోటారు స్వభావాన్ని తనే నేర్చుకుంటుంది. ముందు కొంత ఖాళీ పట్టా ఉంచుకోవాలి సుమా. ఆ తరువాత నా ముసలి మోటారు మొదటి స్పీడు మెట్టు మీద పాకినంత నెమ్మదిగా, ఉలికిపాటు లేకుండా కదిలింది. డీసీ మీద ఇది ఎన్నడూ ఇలా నడవలేదు. 3, 4 సీవీల్లో విలువలు పెంచితే వేగం అందుకోవడం, ఆగడం బరువైన బండిలా నింపాదిగా జరుగుతాయి. పెట్టెలో వచ్చినప్పుడు దీని నంబరు 3. నాలుగంకెల ఇంజిన్ నంబరు కావాలంటే 17, 18 సీవీలు రాసి, 29వ సీవీలో పెద్ద నంబరు వాడమని చెప్పాలి. ఇప్పటి కంట్రోలర్లు చాలావరకు ఆ లెక్క తామే చేసుకుంటాయి. ఎక్కడైనా చిక్కుపడితే 8వ సీవీకి 8 రాస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

దీనిమీద నాకున్న ఒకే గొణుగుడు: ఏ మీటకు ఏ దీపం వెలగాలో మార్చాలంటే 31, 32 సీవీలతో ముందు పుట తిప్పి, ఆ తరువాత అసలు సీవీ రాయాలి. ఓపిక ఉన్నవారి పని అది. కంప్యూటర్‌కు కలిపే ప్రోగ్రామరు ఉంటే ఇదంతా తెర మీద గళ్లు నింపినంత సులువు.

ఇక కిట్టు. పెట్టె మీద పన్నెండు వోల్టులకు సిద్ధం అని ఉంది, రెసిస్టర్లు కూడా జతగా ఇచ్చారు. అవి 470 ఓమ్‌లవి. లెక్క చూడండి. డీకోడర్ దీపాల కొసన వచ్చేది సుమారు 14 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ మూడు వోల్టులు తీసుకుంటే మిగిలిన 11 వోల్టులు రెసిస్టరు మోయాలి. అంటే 23 మిల్లీయాంపియర్లు. ఇలాంటి ఎల్‌ఈడీలకు సాధారణ పరిమితి 20. పైగా ఆ చిన్న రెసిస్టరు పావు వాటు వేడి కక్కుతుంది, అదీ ప్లాస్టిక్ షెల్ లోపల. పాత ఫిలమెంటు బల్బు వేడికి వంగిన షెల్‌ను చూసినవారెవరూ ఎల్‌ఈడీకి మారాక మళ్లీ ఆ వేడిని లోపలికి రానివ్వరు. నేను వాటిని పక్కన పడేసి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు వేశాను. రెండు మిల్లీయాంపియర్లకు కొంచెం పైన. హెడ్‌లైటుకు అది చాలు. క్యాబిన్ లోపలి దీపానికి 10 కిలో ఓమ్ వేసినా వెలుగు ఎక్కువే అనిపించింది. ఆపైన డీకోడర్‌లో ప్రతి దీపానికీ 31 వరకు వెలుగు మెట్లు ఉన్నాయి కాబట్టి మిగిలిన సర్దుబాటు అక్కడే చేసుకున్నాను.

రంగు విషయంలో కిట్టు ఇంకా నిరాశపరిచింది. పెట్టె మీద వెచ్చని తెలుపు అని రాశారు, వెలిగిస్తే ఆపరేషన్ థియేటర్ వెలుగు. పాత కాలపు డీజిల్‌కు పసుపు కలిసిన తెలుపు కావాలి, 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్నది. విడిగా కొన్న 0603 ఎల్‌ఈడీలు, అంటే 1.6 మిల్లీమీటర్ల పొడవువి, ఆ లోటు తీర్చాయి. కిట్టులోని తీగలు ఎనామిల్ పూత ఉన్నవి, రెంటిదీ ఒకే రంగు. ఏది ప్లస్సో తెలిపే గుర్తు లేదు, మల్టీమీటరు పెట్టి చూసుకోవలసిందే. పూత కూడా గోకితే పోదు, సోల్డరింగ్ ఐరన్ కొసన కరిగిన సీసంలో ముంచి కాల్చాలి.

దీపాలు పెట్టి మూత వేశాక ఇంజిన్ ముక్కంతా లాంతరులా వెలగడం మొదలుపెడుతుంది. పలుచని ప్లాస్టిక్‌లోంచి వెలుగు కారడం ఎల్‌ఈడీ మార్పులో అందరికీ ఎదురయ్యేదే. లోపలివైపు ముందు నల్ల రంగు, అది ఆరాక దాని మీద తెలుపు వేయాలి. నలుపు వెలుగును ఆపుతుంది, తెలుపు దాన్ని దీపం రంధ్రం వైపు తోస్తుంది. ఎల్‌ఈడీకీ, దాని వెలుగును బయటి రంధ్రానికి చేర్చే పారదర్శక లైటు గొట్టానికీ మధ్య సందు లేకుండా చూస్తే సగం కారుడు అక్కడే ఆగుతుంది. ఈ ముక్క కిట్టు కాగితంలో ఎక్కడా లేదు.

అదే కిట్టులో బోగీల లైట్ల పట్టీ కూడా ఉంది. పట్టాల కరెంటును ఒకే దిశకు మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ ఉంది గానీ కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్ లేదు, అందుకే పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) మీదుగా వెళ్లినప్పుడల్లా బోగీ మిణుకుమంటుంది. 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ కలిపితే మిణుకు పోతుంది. అయితే పట్టాలకు కరెంటు ఇచ్చిన క్షణంలో అన్ని బోగీల కెపాసిటర్లూ ఒకేసారి గుటకేస్తే పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టరు షార్ట్ అనుకుని ఆగిపోవచ్చు. కెపాసిటర్ ముందు 100 ఓమ్‌ల రెసిస్టరు, దానికి అడ్డంగా డిశ్చార్జి వైపు తిరిగిన డయోడు వేస్తే మెల్లగా నిండుతుంది, అవసరమైనప్పుడు చప్పున ఇస్తుంది. చక్రాలు మురికిగా ఉంటే ఇవేవీ పనిచేయవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం ముందు, కెపాసిటర్ తరువాత.

కిట్టులో నాకు నచ్చినవి ఎర్ర ఎల్‌ఈడీలు. రంగు ముదురుగా, సహజంగా ఉంది. తెల్లవాటికన్నా తక్కువ వోల్టేజీ, సుమారు రెండు వోల్టులు, తీసుకుంటాయి కనుక వాటికి విడి రెసిస్టరు పెట్టాను. వాటిని పసుపు తీగకు కలపకుండా ఆకుపచ్చ తీగ మీద వేరుగా ఉంచాను. బోగీలు తగిలించి ఉన్నప్పుడు ఇంజిన్ వెనక ఎర్ర దీపం వెలగకూడదు, అది వెలగవలసింది చివరి బోగీకి. ఒంటరిగా షెడ్డుకు వెళ్తుంటే మాత్రం ఎఫ్2 నొక్కుతాను.