పాస్ రష్‌కి ఏది మేలు: ఒక్క స్టారా, నలుగురి దళమా, బ్లిట్జా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో స్టార్ మైకా పార్సన్స్‌ని డాలస్ కౌబాయ్స్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేసిన 2025 ఆగస్టు 28 నుంచి నాకు ఎదురవుతున్నది ఒకటే ప్రశ్న: ఇక పాస్ రష్ సంగతేంటి? పాస్ రష్ అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి, అతను విసిరేలోగా డిఫెన్స్ దూసుకెళ్లడం. మామూలుగా నలుగురు వెళ్తారు, అంతకన్నా ఎక్కువమందిని పంపితే బ్లిట్జ్. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, అర్వింగ్, ప్లానో వైపు మనవాళ్లలో కౌబాయ్స్ అభిమానులు బోలెడుమంది. "అలాంటివాణ్ని వదులుకున్నాక ఇంకేం పాస్ రష్?" అని ఒకరు, "ఆ డబ్బుతో నలుగురు మంచివాళ్లు రారా?" అని ఇంకొకరు, "బ్లిట్జ్ ఎక్కువ చేస్తే సరిపోదా?" అని మరొకరు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకన్నా అంతా ఒకచోట పెడితే నయమనిపించింది.

ముందు కొలత సంగతి తేల్చుకోవాలి. శాక్‌ల (విసిరేలోగా క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) మొత్తం చూసి పాస్ రష్‌ని అంచనా వేయడం నాకు నచ్చదు. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌నే తీసుకోండి. 2022లో ఆ జట్టుకి 70 శాక్‌లు. హాసన్ రెడిక్‌కి 16, ఇంకో ముగ్గురికి తలా 11. అంత భయంకరమైన దళం 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ని ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయింది. ఆ రోజు గ్లెన్‌డేల్ మైదానంలో కాళ్లు జారాయన్నది నిజమే, కానీ కథ అంతా అదే కాదు. కాన్సస్ సిటీ బంతిని త్వరగా వదిలేసింది. రెండేళ్ల తర్వాత అదే ఈగిల్స్‌కి సీజన్ మొత్తం మీద 41 శాక్‌లే వచ్చాయి. సూపర్ బౌల్‌లో మాత్రం అదే మహోమ్స్‌ని 6 సార్లు పడగొట్టి 40-22తో గెలిచింది.

వ్యక్తుల లెక్కలోనూ ఇదే వరస. 2024లో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ శాక్‌లు ట్రే హెండ్రిక్‌సన్‌వి, 17.5 (ఇద్దరు కలిసి పడగొడితే తలా సగం). అతని సిన్సినాటి జట్టు నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. 2025లో మైల్స్ గ్యారెట్ 23 శాక్‌లతో స్ట్రహాన్, టి.జె. వాట్‌ల 22.5 రికార్డుని దాటాడు. క్లీవ్‌లాండ్ గెలిచినవి 5, ఓడినవి 12. గ్యారెట్‌లో లోపమేమీ లేదు. ఒక్కడు ఎంత గొప్పగా ఆడినా జట్టు పాస్ రష్ వేరే లెక్క అని మాత్రమే నేననేది.

అందుకే నేను చూసేది ప్రెషర్. క్వార్టర్‌బ్యాక్‌ని తొందరపెట్టారా, కొట్టారా, కదిలించారా అన్నది. అది ఎంత త్వరగా వచ్చిందన్నది కూడా ముఖ్యమే. ఈఎస్‌పీఎన్ వాళ్ల పాస్ రష్ విన్ రేట్‌లో రషర్ 2.5 సెకన్లలోపు తన బ్లాకర్‌ని ఓడించాలి. అది మంచి గీటురాయి. వీటన్నిటికన్నా నేను ఎక్కువ విలువిచ్చేది ఒకటుంది: నలుగురే రష్ చేసినప్పుడు ఎంత ప్రెషర్ వచ్చింది? నలుగురితో పని జరిగితే వెనక ఏడుగురు కవరేజ్‌లో, అంటే బంతి అందుకునే రిసీవర్లని కాయడానికి, మిగులుతారు. అప్పుడు రిసీవర్ దొరక్క క్వార్టర్‌బ్యాక్ ఇంకో అర సెకను బంతి పట్టుకుంటాడు, ఆ అర సెకనులో రషర్ వచ్చేస్తాడు. మీ జట్టు థర్డ్ డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఏడెనిమిది గజాలు ఆపాల్సినప్పుడు ఐదో మనిషిని పంపకుండా ఎంతసేపు ఉండగలదో చూడండి, చాలావరకు తెలిసిపోతుంది.

ఇక స్టార్ విషయం. పార్సన్స్ లాంటి ఎడ్జ్ రషర్ (లైన్ అంచునుంచి దూసుకొచ్చేవాడు) ఉంటే వచ్చే లాభం శాక్‌లకే పరిమితం కాదు. ఎదుటి జట్టు టైట్ ఎండ్‌ని అతని వైపు నిలబెడుతుంది, రన్నింగ్ బ్యాక్ పరుగు మొదలుపెట్టే ముందు అతన్ని ఒక భుజం తగిలించి వెళ్తాడు, ఆ మేరకు పాస్‌కి వెళ్లే మనుషులు తగ్గుతారు. 2025 సెప్టెంబరు 28న ఆర్లింగ్టన్‌లో పాత జట్టు మీద అతను ఆడిన మ్యాచ్ గుర్తుందా? మ్యాచ్ అంతా డాలస్ అతన్ని బాగానే కట్టడి చేసింది. కానీ ఓవర్‌టైమ్‌లో గోల్ లైన్ దగ్గర డాలస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌ని వెంటాడి పట్టుకుని 6 పాయింట్ల టచ్‌డౌన్ కాకుండా 3 పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టించాడు. ఆ ఒక్క పట్టుతో ఓడాల్సిన మ్యాచ్ 40-40 దగ్గర ఆగింది. స్టార్‌కి డబ్బు పెట్టేది ఇలాంటి క్షణాల కోసమే, ఆ వాదనని నేను కొట్టిపారేయను.

ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. 4 ఏళ్లకి 188 మిలియన్ డాలర్లు, అంటే సగటున ఏడాదికి 47. 2025లో జట్టు మొత్తానికి ఉన్న శాలరీ క్యాప్ (జీతాల పరిమితి) 279.2 మిలియన్లు. మొదటి ఏడాది పద్దులో తక్కువ చూపించినా తర్వాతి ఏళ్లలో ఆ బరువు మోయక తప్పదు. దానికి తోడు రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లని (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశాలని), లోపల నిలబడే కెన్నీ క్లార్క్‌ని కూడా ప్యాకర్స్ డాలస్‌కి ఇచ్చుకుంది. 2025 డిసెంబరులో డెన్వర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆ దెబ్బతో ప్యాకర్స్ పాస్ రష్ కూడా చతికిలబడింది. గాయం ఎవరి తప్పూ కాదు. అయితే ఒక్కడి మోకాలి మీద మొత్తం ఆధారపడటం అన్నది జట్టు తీసుకున్న నిర్ణయమే.

బ్లిట్జ్ గురించి ఎక్కువ చెప్పను. మిన్నెసోటాలో డిఫెన్స్ కోచ్ బ్రయన్ ఫ్లోరెస్ దాన్ని ఒక కళగా మార్చాడు. ఆరుగురిని గీత మీద నిలబెట్టి, ఎవరు వస్తారో ఎవరు వెనక్కి పోతారో తెలియకుండా చేస్తాడు. కుర్ర క్వార్టర్‌బ్యాక్‌లకి అది నరకం. మంచి రషర్లు లేని జట్టుకి వేరే దారి కూడా లేదు. కానీ పదేళ్లు ఆడి పండిపోయిన క్వార్టర్‌బ్యాక్ ముందు అది ఎదురు తిరుగుతుంది. మనిషి ఎక్కడినుంచి బయల్దేరాడో చూసి, అతను ఖాళీ చేసిన చోటికే బంతి వేస్తాడు. వారానికి రెండు మూడుసార్లు ఆశ్చర్యపరచడానికి బ్లిట్జ్ బాగుంటుంది. దాని మీదే పూర్తిగా ఆధారపడితే జనవరి ప్లేఆఫ్స్‌లో దెబ్బతింటారు.

నా మొగ్గు దళం వైపే. అందులోనూ లోపలినుంచి మొదలయ్యే దళం వైపు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఎడ్జ్ రషర్ ఎంత వేగంగా ఉన్నా బయటినుంచి ఒక వంపు తిరిగి రావాలి. పాకెట్ (క్వార్టర్‌బ్యాక్ చుట్టూ బ్లాకర్లు కాచే చోటు) లోపల శుభ్రంగా ఉంటే క్వార్టర్‌బ్యాక్ రెండడుగులు ముందుకేస్తాడు, అంతే, ఎడ్జ్ రషర్ అతని వెనకనుంచి దాటిపోతాడు. టీవీలో చూసేవాళ్లకి "అబ్బ, కొద్దిలో తప్పింది" అనిపిస్తుంది. నిజానికి లోపల ఎవరూ నెట్టలేదు కాబట్టి తప్పింది. అదే లోపలినుంచి వచ్చే డిఫెన్సివ్ టాకిల్ తన ఎదురుగా ఉన్న బ్లాకర్‌ని, అంటే గార్డ్‌ని, రెండు గజాలు వెనక్కి తోశాడనుకోండి, క్వార్టర్‌బ్యాక్‌కి ముందుకు వేయడానికి అడుగు ఉండదు. కాలు దించి బలం పెట్టలేడు కాబట్టి బంతి పైకి తేలిపోతుంది. కళ్లముందు చేతులుంటాయి కాబట్టి మధ్యలో నిలబడ్డ లైన్‌బ్యాకర్ కనపడడు. తప్పించుకోవాలంటే పక్కకే పరుగెత్తాలి, అక్కడ ఎడ్జ్ రషర్ ఉంటాడు. ఎడ్జ్‌ల పేరున రాసిన శాక్‌లలో చాలావాటికి లోపలివాడే మూలం.

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్ సూపర్ బౌల్‌లో జరిగింది సరిగ్గా ఇదే. ఈగిల్స్ డిఫెన్స్ కోఆర్డినేటర్ విక్ ఫాంజియో ఆ మ్యాచ్‌లో ఒక్క బ్లిట్జ్ కూడా పంపలేదు. డిఫెన్సివ్ టాకిల్ జేలెన్ కార్టర్ పేరున శాక్ లేదు, కానీ ఇద్దరేసి బ్లాకర్లు అతని మీదే ఉండిపోయారు. ఆ మేరకు జాష్ స్వెట్‌కి ఒంటరి పోటీ దొరికి 2.5 శాక్‌లు వచ్చాయి. రెండో క్వార్టర్‌లో వరసగా రెండు ఆటల్లో మహోమ్స్ పడిపోయాడు. ఆ మరుసటి ఆటలోనే మహోమ్స్ విసిరిన బంతిని ఈగిల్స్ ఆటగాడు కూపర్ డిజీన్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు. నాలుగో క్వార్టర్‌లో మహోమ్స్ చేతిలోంచి బంతి కొట్టి తనే పట్టుకున్న మిల్టన్ విలియమ్స్ సీజన్ అంతా వంతులవారీగా ఆడినవాడు. కాన్సస్ సిటీలో లెఫ్ట్ టాకిల్‌గా (అంచుని కాచే బ్లాకర్‌గా) నిలబడ్డ జో థూనీ అసలు గార్డ్ అన్న మాటా చెప్పాలి, ఈగిల్స్ పని అంతమేర సులువైంది.

ఒకప్పటి వెస్టిండీస్ పేస్ దళం గుర్తున్నవాళ్లకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది: ఒకడు అలిసి పక్కకెళ్తే వచ్చేవాడూ అంతటివాడే. ఎదుటి టాకిల్‌కి మాత్రం మారే అవకాశం లేదు, మ్యాచ్ చివరిదాకా అతనొక్కడే నిలబడాలి.

లాస్ ఏంజెలెస్ రామ్స్ ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. 2024 మార్చిలో వాళ్ల డిఫెన్సివ్ టాకిల్ ఆరన్ డోనల్డ్ రిటైరయ్యాడు, ఇక ఆ జట్టు పని అయిపోయిందనుకున్నారు. 2025 జనవరి 13న, కార్చిచ్చుల వల్ల అరిజోనాకి మార్చిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో, 14 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన మిన్నెసోటా క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్‌ని రామ్స్ 9 సార్లు పడగొట్టింది. ప్లేఆఫ్ రికార్డుకి అది సమానం. డార్నల్డ్ బంతి ఎక్కువసేపు పట్టుకున్నాడు, ఒప్పుకుంటాను. కానీ ఆ దళాన్ని చూడండి: జేరెడ్ వర్స్ ఫస్ట్ రౌండ్, బ్రేడెన్ ఫిస్క్ రెండో రౌండ్, బైరన్ యంగ్, కోబీ టర్నర్ మూడో రౌండ్. అందరూ రెండే డ్రాఫ్టుల్లో వచ్చినవాళ్లు, అందరూ కొత్తవాళ్లకిచ్చే చవక రూకీ జీతాల మీద ఉన్నవాళ్లు.

దళానికున్న కష్టం ఏమిటంటే దాన్ని నిలబెట్టుకోలేం. ఆ సూపర్ బౌల్ అయిన నెలకే స్వెట్ అరిజోనాకి, విలియమ్స్ 4 ఏళ్లకి 104 మిలియన్లతో న్యూ ఇంగ్లండ్‌కి వెళ్లిపోయారు. 2025 నవంబరుకల్లా ఈగిల్స్ మూడో రౌండ్ పిక్ ఇచ్చి జేలన్ ఫిలిప్స్‌ని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఏటా ఇద్దరు రషర్లని డ్రాఫ్ట్‌లో పట్టే ఓపిక, చూసే కన్ను లేని యాజమాన్యానికి ఈ దారి కుదరదు.

వయసు మళ్లిన స్టార్‌ని సీజన్ మధ్యలో తెచ్చుకోవడం ఇంకో దారి. కప్పుకి ఒక్క అడుగు దూరంలో ఉన్నప్పుడే అది పనికొస్తుంది. 2021 సీజన్‌లో డెన్వర్‌నుంచి తెచ్చుకున్న వాన్ మిల్లర్‌తో రామ్స్‌కి సూపర్ బౌల్ దక్కింది. డెన్వర్ కూడా నష్టపోలేదు: ఆ బేరంలో వచ్చిన 64వ పిక్‌తో తీసుకున్న నిక్ బొనిటో 2024లో 13.5 శాక్‌లు చేశాడు. ఆ ఏడాది డెన్వర్ 63 శాక్‌లతో లీగ్‌లో మొదటిది. వాళ్ల డిఫెన్స్ కోఆర్డినేటర్ వాన్స్ జోసెఫ్ బ్లిట్జ్ కూడా బాగానే పంపుతాడనుకోండి, అయినా ఏడో రౌండ్‌లో దొరికిన జానథన్ కూపర్ పేరున 10.5, లోపల ఆడే జాక్ ఆలెన్ పేరున 8.5 ఉన్నాయి.

ఇక డాలస్ సంగతి. పార్సన్స్‌కి బదులు క్లార్క్ వచ్చాడు. 2025 నవంబరు 4న డాలస్ 2027 ఫస్ట్ రౌండ్, 2026 రెండో రౌండ్ పిక్‌లతో పాటు మేజీ స్మిత్‌ని కూడా ఇచ్చి జెట్స్ దగ్గర డిఫెన్సివ్ టాకిల్ క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చుకుంది. అంటే అంచు వదిలి లోపలికి వచ్చింది. అయినా 2025లో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఇచ్చింది డాలసే. లోపలివాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ని పక్కకి తరిమితే పట్టుకోవడానికి ఆ ఏడాది అంచున సరైనవాడు లేకపోయాడు, వెనక కవరేజ్ అంతకన్నా అధ్వానం. కాబట్టి పార్సన్స్‌ని ఇచ్చేయడం కన్నా, ఇచ్చాక అంచుని నింపకుండా సీజన్ మొదలుపెట్టడమే నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది. నన్నడిగితే డ్రాఫ్ట్‌లో ఇద్దరు ఎడ్జ్‌లని తీసుకుని, మిగిలిన డబ్బు రిసీవర్లని కాచే కార్నర్‌బ్యాక్‌ల మీద పెట్టాలి. అలా కాదు, ఒక్కడికే పెద్ద చెక్కు రాసి తీరతామంటే, ఆ ఒక్కడు డోనల్డ్‌లా గార్డ్ ఎదురుగా నిలబడేవాడై ఉండాలి.